సంచి అడుగున బూటు: హుస్నాబాద్ నుంచి లక్సెట్టిపేట దాకా

మా ఎదురింటి రజిత వచ్చే నెల వాళ్ళ అన్నను తీసుకుని మంచిర్యాల వైపు ఒక సెలక్షన్‌కు వెళ్తోంది. ఏదో కంపెనీ, ప్రభుత్వం వాళ్ళు కలిసి వికలాంగులకు ఉద్యోగాలు ఇస్తున్నారట. "ఆంటీ, మీరు ఎన్కట సామేలు అంకుల్‌ను తోలుకపోయిండ్రట గదా. ఎట్ల పోవాలె, ఏం పట్టుకపోవాలె, జర చెప్పుండ్రి" అని అడిగింది. నోటితో చెప్పడం మొదలుపెట్టాను గానీ, సగం చెప్పేసరికే అరచేతులకు చెమట పట్టింది. ఇన్నేళ్ళయినా! ఇక లాభం లేదని కూర్చుని రాస్తున్నాను. ఇది ఎనభైల చివరి నాటి ప్రయాణం కాబట్టి నేను చెప్పే చార్జీలు ఇప్పుడు పనికిరావు. బుగులు, అదే భయం, మాత్రం అప్పటికీ ఇప్పటికీ ఒకటే.

ముందు మా సంగతి చెప్పాలి. మాది హుస్నాబాద్. బాపు, అంటే మా నాన్న, చర్చి వాళ్ళ ఆసుపత్రిలో పనిచేసి రిటైరయ్యాడు, నేను చర్చి బడిలోనే టీచరును. సామేలు నా తమ్ముడు. పసితనంలో పోలియో వచ్చి ఎడమకాలు సన్నబడిపోయింది. బాపు పనిచేసిన ఆసుపత్రిలోనే వాడికి కాలిపర్ చేసిచ్చారు. తొడ నుంచి మడమ దాకా రెండు ఇనుప కడ్డీలు, తోలు పట్టీలు, కింద ఒక బరువైన బూటు. మా ఇంట్లో దాని పేరే బూటు. అది వేసుకుంటే మోకాలు వంగదు గానీ మనిషి పడడు. కానీ మా అమ్మ, మేము అవ్వ అనే పిలుస్తాం, దాన్ని గడప దాటనిచ్చేది కాదు. టకటకమని చప్పుడైతే ఊరంతా వింటుందని, ఐబు, అదే అవిటితనం, ఉన్నవాడని చెప్పుకుంటుందని ఆమె బాధ. సామేలు దర్జీ పని నేర్చాడు కదా, దానికి ఒక ఉపాయం కనిపెట్టాడు. ప్యాంటు ఎడమ జేబు లోపలి గుడ్డ కోసేసి, ఆ దారిలో చెయ్యి లోపలికి పెట్టి, తొడను గట్టిగా అదిమి పట్టుకుని నడిచేవాడు. చూసేవాళ్ళకు జేబులో చెయ్యి పెట్టుకుని షోకుగా పోతున్నట్టు ఉండేది. "హీరో వస్తుండురా" అని దోస్తులు ఏడిపించేవాళ్ళు. వాడు నవ్వేవాడు. ఆ జేబు సంగతి మా ఇంట్లోవాళ్ళకు తప్ప ఎవరికీ తెలియదు.

రెడీమేడ్ బట్టలు వచ్చాక వాడు పనిచేసే దర్జీ దుకాణం మూతపడింది. నౌకరీ కోసం వెళ్ళిన రెండు మూడు చోట్ల, కూర్చుని మాట్లాడినంతసేపు బాగానే ఉండి, రెండు చేతులా ఏదైనా మోసి చూపమనేసరికి "కబురు చేస్తం" అని పంపేశారు. ఇంతలో ఉపాధి కార్యాలయం నుంచి పిలుపు వచ్చింది. లక్సెట్టిపేట దగ్గర సిమెంటు సంచులు కుట్టే కంపెనీ ఒకటి ప్రభుత్వంతో ఒప్పందం చేసుకుందట. కొన్ని కుట్టు మిషన్ల మీద, కట్టలు కట్టే పనుల్లో వికలాంగులనే పెట్టుకుంటామందట. ఒకే రోజు కంపెనీ ఆవరణలోనే డాక్టరు, ఉపాధి అధికారి, మేనేజరు ముగ్గురూ కూర్చుని మనుషులను ఎంచుకుంటారు. సామేలు ఆ కాగితం చదివి మడిచి నా చేతికిచ్చాడు. "గిదే ఆఖరు అక్కా. గిది గిట్ల రాకపోతే మళ్ళ నన్ను ఏడికీ తోలుకపోవద్దు. ఇంట్లనే ఉంట" అన్నాడు. వాడు మాట అంటే మాటే. ఇరవై నాలుగేళ్ళ మనిషి ఇంట్లోనే ఉంటానన్నాడంటే ఇక ఉన్నట్టే.

బయలుదేరే ముందు రోజు అవ్వ తీర్పు చెప్పింది. "బూటు ఇంట్ల ఇడిసిపెట్టి పో." నేను అన్నాను కదా, "అవ్వా, అది వికలాంగుల నౌకరీ. బూటు ఉంటే ఏమైతది?" అని. ఆమె నన్ను వెర్రిదాన్ని చూసినట్టు చూసింది. "ఆ నౌకరీకి వందమంది వస్తరు బిడ్డా. వందమందిల మంచిగ నడిచేటోన్నే తీసుకుంటరు గని, కుంటుకుంట పోయేటోన్ని తీసుకుంటరా? సంతల ఎద్దును కొన్నా కాళ్ళు చూసే కొంటరు."  నాకూ నిజమే కదా అనిపించింది. సామేలు అయితే అప్పుడే జేబు కుట్లు సరిచూసుకుంటున్నాడు. అయినా నాకు నిద్ర పట్టలేదు. బస్సెక్కితే దిగే ఊరికి మూడు ఊళ్ళ ముందే లేచి నిలబడే రకం నేను. తెల్లారగట్ల ఎవరికీ చెప్పకుండా బూటును పాత చీర ముక్కలో చుట్టి పెద్ద సంచి అడుగున పెట్టి, దాని మీద సద్ది డబ్బా పెట్టేశాను.

అవ్వ తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేసి పంపింది. అయిదున్నరకు కరీంనగర్ బస్సు. ఏడు దాటాక కరీంనగర్ బస్టాండులో దిగాం. ఉప్మా, టీ అయ్యేసరికి ఇద్దరికీ కలిపి నాలుగు రూపాయలు. లక్సెట్టిపేట బస్సు పెట్టాల్సిన చోట బస్సు లేదు. పదకొండు లోపల గేటు దగ్గర ఉండాలని కాగితంలో ఉంది. నేను టీ కొట్టు దగ్గరకు నాలుగుసార్లు వెళ్ళి అడిగాను. టీ పోసే పెద్దాయన చివరికి గిన్నె కింద పెట్టి, "అమ్మా, నువ్వు గంత పరేషాన్ అయితే బస్సు జల్దీ వస్తదా? డ్రైవరు నీ ఎనుకనే నిలవడి చాయ్ తాగుతుండు. ఆయన తాగితేనే గద అది కదులుతది" అన్నాడు. వెనక్కి తిరిగి చూస్తే నిజంగానే ఖాకీ చొక్కా ఆయన గ్లాసు ఊదుకుంటున్నాడు. సామేలు నవ్వు ఆపుకోలేకపోయాడు. ఆ రోజు పొద్దున వాడు నవ్వింది అదొక్కసారే.

ఎనిమిదికి బస్సు కదిలింది. చొప్పదండి, ధర్మారం, వెల్గటూరు మీదుగా దారి. మనిషికి తొమ్మిదో పదో తీసుకున్నారు. గుంత వచ్చినప్పుడల్లా నా కాళ్ళ మధ్య సంచిలోంచి ఖంగున మోగుతోంది. నేను గట్టిగా దగ్గుతున్నాను. రెండోసారి మోగినప్పుడు కండక్టరు ఆగాడు. "సంచిల ఏముందమ్మా? ఇనుప సామానైతే లగేజి టికెటు కొట్టాలె."  పక్కనే సామేలు. "సద్ది డబ్బా అన్నా. స్టీలుది" అన్నాను. "సద్ది గింత గట్టిగ మోగుతదా, ఏం వండినవమ్మా?" అనేసరికి చుట్టుపక్కల వాళ్ళు నవ్వారు. బతికిపోయాను. సామేలు కిటికీలోంచి చూస్తూ కుడిచేత్తో ఎడమ మోకాలు నిమురుకుంటున్నాడు. రాయపట్నం వంతెన మీదికి వచ్చేసరికి బస్సులో అందరూ లేచి గోదావరికి దండం పెట్టుకున్నారు, ఒకరిద్దరు చిల్లర విసిరారు. వానలు ఆగిన రోజులు. నీళ్ళు ఎర్రగా, నిండుగా, దగ్గరగా ఉన్నాయి. "గీ నీళ్ళు దాటినమంటే వేరే జిల్లా అక్కా. గీడ మనల్ని ఎవ్వలు ఎరుగరు" అన్నాడు సామేలు. అది వాడికి ధైర్యంగా ఉంది. నాకు అదే భయంగా ఉంది.

లక్సెట్టిపేటలో దిగి కంపెనీకి రిక్షా మాట్లాడుకున్నాం, మూడు రూపాయలు. గేటుకు కొంచెం ముందే ఆపించాడు సామేలు, నడిచి వెళ్తేనే మంచిదని. ఎర్రమట్టి ఆవరణ, మూలన ఒక వేపచెట్టు, రేకుల షెడ్డు, ముందర టెంటు కింద మూడు బల్లలు. లైనులో నలభై యాభై మంది ఉంటారు. చంకకర్రలు, మూడు చక్రాల బండ్లు, మరొకరి భుజం పట్టుకుని నిలబడ్డ కళ్ళులేనివాళ్ళు. మేము వెళ్ళి చివర నిలబడగానే వాచ్‌మన్ వచ్చాడు. సామేలును కింది నుంచి పైదాకా చూసి, "తమ్మీ, నువ్వు ఎవల్ని తోలుకొచ్చినవ్? గిది వికలాంగుల లైను. ఎంబడి వచ్చినోళ్ళు గా చెట్టు కింద కూసోవాలె" అన్నాడు. సామేలు ముఖం వెలిగిపోయింది. నిజం చెప్తున్నాను, ఒక్క క్షణం నాకూ గర్వంగానే అనిపించింది. అవ్వ ఇన్నేళ్ళు కోరుకున్నది అదే కదా. ఆ వెంటనే, వీడు వికలాంగుడే కాదనుకుంటే ఇక్కడ ఉద్యోగం ఎట్లా అని తట్టింది. పిలుపు కాగితం చూపించి, వాచ్‌మన్‌ను బతిమాలి లైనులో నిలబెట్టాను.

మొదటి బల్ల డాక్టరుది. నడివయసు ఆవిడ, తల ఎత్తడానికి కూడా తీరిక లేదు. సామేలు వంతు వచ్చేసరికి పన్నెండు అవుతోంది. ప్యాంటు పైకి లాగమంది. వాడు పిక్క దాకా మాత్రమే లాగాడు. "పోలియోనా? సన్నబడింది. నడిచి చూపించు" అంది. వాడు జేబులో చెయ్యి పెట్టి అటు నడిచాడు, ఇటు నడిచాడు. అంత బాగా వాడు నడవడం నేనెప్పుడూ చూడలేదు. పళ్ళు బిగబట్టి నడిచాడు పాపం. డాక్టరు తల ఊపింది. "బాగా నడుస్తున్నావు. అదృష్టవంతుడివి. నీకు నలభై శాతం వైకల్యం రాదు. నలభై లేకపోతే ఈ ఉద్యోగానికి పనికిరావు. తర్వాత ఎవరు?" అని కలం ఎత్తింది.

 సామేలు ఇంకా నవ్వుముఖంతోనే నిలబడి ఉన్నాడు. బాగా నడిచినందుకు మెచ్చుకున్నారనుకున్నాడు, తర్వాతి మాట వాడి చెవికి ఎక్కలేదు. నేను లైనుకు అడ్డం కట్టిన తాడు దాటి బల్ల దగ్గరకు పరుగెత్తాను. "మేడం, మేడం! చెయ్యి బయటికి తీసి నడవమనండి. ఆ జేబులోంచి చెయ్యి తియ్యమనండి!" గొంతు ఎంత పెద్దగా వచ్చిందంటే లైనంతా తిరిగి చూసింది. సామేలు నా వైపు తిరిగాడు. "అక్కా, నువ్వు ఊకో" అన్నాడు మెల్లగా. ఆ గొంతు నేను మరిచిపోలేను. డాక్టరు కలం కింద పెట్టి వాడిని చూసింది. "చెయ్యి తియ్యి నాయనా." వాడు తియ్యలేదు.  అప్పుడు వెనక మూడు చక్రాల బండి మీద కూర్చున్న ఒక పెద్దమనిషి, రెండు కాళ్ళూ మోకాళ్ళ దాకే ఉన్నాయి ఆయనకు, బీడీ ఆర్పేసి అన్నాడు. "తమ్మీ, నన్ను చూడు. గీడ సిగ్గువడాలంటే ముందుగాల నేను సిగ్గువడాలె. తియ్యి చెయ్యి. పొద్దు పోతుంది, మాకు ఆకలైతుంది."

సామేలు చెయ్యి తీశాడు. కుడికాలు ముందుకు వేశాడు. ఎడమకాలు వేశాడో లేదో మోకాలు ముడుచుకుపోయి ఎర్రమట్టిలో బోర్లా పడ్డాడు. చిన్నప్పటి నుంచి వాడు పడితే నేను లేపడం అలవాటు. ముందుకు ఉరకబోయాను, డాక్టరు చెయ్యి అడ్డం పెట్టింది. వాడు తనంతట తానే తొడ పట్టుకుని లేచి, మోచేతికి అంటిన మట్టి దులుపుకున్నాడు. డాక్టరు లేచి వచ్చి, వాడి జేబులో వేళ్ళు పెట్టి చూసి, గుడ్డ లేదని తెలుసుకుని, "ఎవరు కుట్టారిది?" అంది. "నేనే మేడం." ఆవిడ ఈసారి వాడిని కూర్చోబెట్టి, కాలు మొత్తం చూసి, టేపుతో కొలిచి రాసింది. నలభై కంటే ఎక్కువే వచ్చింది. రెండో బల్ల దగ్గర ఉపాధి అధికారి ముద్ర వేశాడు.

గండం గడిచిందనుకున్నాను. ఎక్కడ! మూడో బల్ల మేనేజరుది. ఆయన వాడు పడటం తన కుర్చీలోంచే చూశాడు. "గిప్పుడే పడ్డడు గదా ఈ పిలగాడు. లోపల మిషన్లున్నయి, బెల్టులు తిరుగుతయి. గేటు నుంచి మిషన్ దాకా పొయ్యేటప్పుడు పడ్డడంటే ఎవ్వరిది జిమ్మేదారి?" అన్నాడు. ఉపాధి అధికారి తన బల్ల దగ్గర నుంచి లేచి వచ్చాడు. "సార్, నడవలేని వాళ్ళ కోసమే కదా మనం కలిసి ఇది పెట్టుకున్నది." "కాదనలే సార్. కూసుండి కుట్టుడు చేతనైతే నేనే తీసుకుంట. కని కూసునే కాడికి రావాలె గద?" ఆయన మాటా తప్పు కాదు. చూడండి మా ఖర్మ! ఒక బల్ల దగ్గర నడవలేనని చూపించాలి, పది గజాల దూరంలో ఇంకో బల్ల దగ్గర నడవగలనని చూపించాలి. ముందు నుయ్యి, వెనక గొయ్యి. సామేలు నా వైపు తిరిగి, "పోదాం పా అక్కా" అన్నాడు.

నేను సంచి నేల మీద బోర్లించాను. సద్ది డబ్బా, జొన్నరొట్టెల మూట, ఉల్లిగడ్డలు, నీళ్ళ సీసా అన్నీ దొర్లాయి. చివర చీర ముక్కలోంచి బూటు బయటపడింది. సామేలు దాన్ని, నన్ను మార్చి మార్చి చూశాడు. "అవ్వ ఇంట్ల ఇడువమన్నది గద?" "నాకు బుగులైందిరా. పట్టుకొచ్చిన." "అయితే బస్సుల మోగింది సద్ది కాదా?" అన్నాడు. అంత ఏడుపులోనూ నాకు నవ్వొచ్చింది. వాడు నేల మీదే కూర్చున్నాడు. ప్యాంటు లోపల పెట్టుకునే వీలెక్కడ ఉంది, అందరూ చూస్తుండగా ప్యాంటు మీది నుంచే కడ్డీలు ఆనించి, పట్టీలు ఒక్కొక్కటే బిగించాడు. లేచాడు. టక్, టక్ మని మేనేజరు బల్ల దాటి, ఆయన చెప్పకముందే షెడ్డు గుమ్మం దాకా వెళ్ళి ఆగాడు. మేనేజరు లేచి వాడి వెనక వెళ్ళాడు.

షెడ్డులోకి బయటివాళ్ళను రానివ్వలేదు. నేను వేపచెట్టు కింద కూర్చుని చెవులు అటే పెట్టాను. మిషను మొదలైంది, ఆగింది. మళ్ళీ మొదలైంది, మళ్ళీ ఆగింది. ఆగిన ప్రతిసారీ దారం తెగిందేమో, వాడికి కుట్టడం రాలేదేమో, పడ్డాడేమో అని నా ప్రాణం పోయి వచ్చింది. మూడు చక్రాల బండి పెద్దమనిషి పక్కకు వచ్చి ఆగాడు. ఆయనకు సంచులు లెక్కపెట్టి కట్టలు కట్టే పని ఇచ్చారట. "ఫికర్ చెయ్యకు చెల్లె. మిషను గంతసేపు నడుస్తుందంటే ఎల్లగొట్టనట్టే" అన్నాడు. జొన్నరొట్టె ఇస్తే ఉల్లిగడ్డ నంజుకుని తిన్నాడు. నాకు ఒక్క ముక్క దిగలేదు.

సామేలు బయటికి వచ్చినప్పుడు జుట్టునిండా పీచు. వెనకే మేనేజరు. "కుట్టు మంచిగనే ఉంది. సోమవారం రమ్మను. మూడు నెలలు చూస్త" అన్నాడు నాతో. రెండడుగులు వేసి మళ్ళీ వెనక్కి తిరిగాడు. "గని ఒక్క షరతు. బూటు ఇడిసి వస్తే మాత్రం గేటు లోపలికి రానియ్య." ఆయనకు నేను రెండు చేతులా దండం పెట్టాను. మనసులో ప్రభువుకు ఎన్నిసార్లు పెట్టానో ఆయనకే తెలుసు.

మూడున్నరకు తిరుగు బస్సు దొరికింది. సామేలు బూటు విప్పలేదు. వంగని కాలు దారిలోకి చాపి కూర్చున్నాడు. వెల్గటూరు దగ్గర ఎక్కిన ఒకాయన తట్టుకుని తూలి, "కాలు జర లోపలికి తీస్కో తమ్మీ" అన్నాడు. "ముడవదన్నా. పోలియో" అన్నాడు సామేలు. ఆ మాట వాడి నోటి నుంచి, అదీ బయటివాళ్ళతో, నేను వినడం అదే మొదలు. ఆయన సరేనని కాలు దాటి వెళ్ళి కూర్చున్నాడు. అంతే. దాని కోసమా మేము ఇన్నేళ్ళు జేబులు కోసుకున్నది అనిపించింది.

కరీంనగర్‌లో బస్సు మారి హుస్నాబాద్ చేరేసరికి దీపాలు వెలిగాయి. మా వాకిట్లో పక్కింటివాళ్ళు కూడా కూర్చుని ఉన్నారు. టకటక చప్పుడు వినగానే అవ్వ గబగబా ఎదురొచ్చి, వాడిని చీర కొంగుతో మరుగు చేయబోయింది. ఉద్యోగం సంగతి అడగలేదు. గొంతు తగ్గించి, "ఎవ్వలన్న చూసిండ్రా బిడ్డా?" అంది. సామేలు ఆమె కొంగు మెల్లగా పక్కకు జరిపాడు. "అందరు చూసిండ్రు అవ్వా. గందుకే ఇచ్చిండ్రు" అన్నాడు.

ఆ రాత్రి అవ్వ అన్నం తినలేదు. కోపమో, దుఃఖమో, సంతోషమో నేను అడగలేదు. సోమవారం పొద్దున మాత్రం గడప మీద కూర్చుని బూటు పట్టీలకు తానే నూనె రాసింది. ఇక అక్కడే ఉండటానికి వాడు బట్టల సంచి పట్టుకుని, ఆ చప్పుడుతోనే మా వీధి మధ్యలోంచి నడిచి బస్సెక్కాడు. మూడు నెలల తర్వాతా వాడిని ఉంచుకున్నారు. ఇప్పుడు ఆ కంపెనీ లేదు, వాడు మంచిర్యాలలో సొంతంగా కుట్టు దుకాణం పెట్టుకున్నాడు. అవ్వ తప్పు చేసిందని నేననను. బిడ్డకు లోపముంటే కొంగు కప్పడమే ఆమెకు తెలిసిన కాపాడటం. ఆ ఆవరణలో వాడు మట్టిలో పడినప్పుడు నా ప్రాణం ఎంత విలవిలలాడిందో, ఇప్పటికీ అంతే. అయినా మళ్ళీ అదే రోజు వస్తే మళ్ళీ అట్లాగే అరుస్తాను.

రజితా, నీకు చెప్పేది ఒక్కటే. కర్ర గానీ, బూటు గానీ, చెవి మిషను గానీ, మీ అన్న రోజూ ఏది వాడితే అది పెట్టుకునే రమ్మను. దారిలో తీయక తప్పకపోతే, సంచి అడుగున సద్ది పెట్టు, అది పైన పెట్టు.